గొప్ప ఆడవాళ్ళ కథల పెట్టె: సగం కథలు, సగం ఉపన్యాసాలు

పిల్లలకి చరిత్రలో గొప్ప పనులు చేసిన ఆడవాళ్ళ గురించి చెప్పే కథల సెట్లు ఈమధ్య చాలానే వస్తున్నాయి కదా, మేం తీసుకున్నది ఇరవై చిన్న పుస్తకాలున్న పెట్టె, ఒక్కో పుస్తకంలో ఒక్కరి కథ, వెనక అట్ట మీద ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆడియో వస్తుంది, దాంతో పాటు గోడకి అంటించుకునే టైమ్‌లైన్ చార్ట్ ఒకటి, ప్రశ్నల కార్డులు ఓ కట్ట. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి అని పెట్టె మీద రాశారు. మా ఇంట్లో చిన్నదానికి ఐదు, పెద్దోడికి ఎనిమిది, అంటే రెండు కొసలూ మా దగ్గరే ఉన్నాయి, కాబట్టి రివ్యూ రాసే అర్హత ఉందనే అనుకుంటున్నా. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఇలాంటి ఏ సెట్టు కొన్నా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

కొనొచ్చా అంటే కొనొచ్చు. కాకపోతే ఇరవైలో ఓ పది పుస్తకాలు పిల్లలు అట్టలు ఊడేదాకా చదివించుకుంటారు, మిగతావి ఒకసారి విని పక్కన పడేస్తారు, మా ఇంట్లో జరిగింది అదే. ఎందుకలా అని రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పిల్లలు పట్టుకున్న పుస్తకాల్లో ఆ మనిషి ఏం చేసిందో ఉంది, వదిలేసిన వాటిల్లో ఆ మనిషి ఎంత గొప్పదో ఉంది. అంతే తేడా. "ఆమె ఎంతో ధైర్యవంతురాలు, ఎన్ని కష్టాలొచ్చినా పట్టు వదల్లేదు" అని ఐదేళ్ళ పిల్లకి పది పేజీలు చదివితే ఏం ఎక్కుతుంది చెప్పండి, ఆవులిస్తుంది.

అన్నిటికన్నా బాగున్నది మేరీ ఆనింగ్ పుస్తకం. ఇంగ్లాండ్‌లో లైమ్ రెజిస్ అని సముద్రం ఒడ్డు ఊరు, అక్కడ కొండ అంచులు విరిగి పడుతూ ఉంటాయి, అలా పడ్డప్పుడు లోపల కోట్ల ఏళ్ళ కిందటి జీవుల ఎముకలు రాయిగా మారినవి బయటపడతాయి. మేరీ వాళ్ళ నాన్న వడ్రంగి, అప్పులు మిగిల్చి 1810లో పోయాడు, ఇంక పిల్లలు ఆ రాళ్ళు ఏరి ఊరు చూడ్డానికొచ్చే వాళ్ళకి అమ్మడమే ఇంటికి ఆధారం. 1811లో అన్న జోసెఫ్‌కి ఓ పెద్ద పుర్రె దొరికింది, మొసలిది అనుకున్నారు, తర్వాత పన్నెండేళ్ళ మేరీ మిగతా ఒళ్ళంతా వెతికి బయటికి తీయించింది. ఇక్థియోసారస్ అన్నమాట, డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన పెద్ద సరీసృపం. పుస్తకంలో ఆ పుర్రె కన్ను ఒక పేజీ నిండా వేశారు, ఇంతింత గుండ్రంగా ఎముక చక్రంతో, పేజీ తిప్పితే రెండు పేజీలు కలిపి మొత్తం ఒళ్ళు. మాది ఆ కంటి మీద అరచెయ్యి పెట్టి కొలిచింది. చెయ్యి సరిపోలేదు, అన్న చెయ్యి కూడా తెప్పించి పెట్టించింది, అప్పుడు గానీ పేజీ తిప్పనివ్వలేదు.

ఇంకో విషయం ఏంటంటే మేరీ వెంట ట్రే అని ఒక కుక్క తిరిగేది, 1833లో కొండ చరియ విరిగి పడి మేరీ కళ్ళ ముందే చనిపోయింది, మేరీ కూడా వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఈ సంగతి పుస్తకంలో దాచకుండా రాశారు, అందుకు మెచ్చుకోవాలి. మా చిన్నది ఆ పేజీ దగ్గర ఆపేసి "మళ్ళీ అక్కడికి వెళ్ళిందా అమ్మా" అని అడిగింది. వెళ్ళిందే అన్నాను. "భయం వెయ్యలేదా?" వేసే ఉంటుంది నాన్నా, అయినా వెళ్ళింది. ధైర్యం గురించి వేరే పుస్తకాల్లో పేరాలకి పేరాలు చదివినా రాని ప్రశ్న ఇక్కడ దానంతట అదే వచ్చింది, ఆ కుక్క పేజీ వల్ల.

ఆమె తవ్వి తీసినవాటి మీద పెద్దపెద్ద వాళ్ళు పేపర్లు రాసుకుని చాలాసార్లు ఆమె పేరు కూడా వెయ్యలేదు, లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్ళని 1919 దాకా సభ్యులుగానే చేర్చుకోలేదు, మేరీ 1847లోనే పోయింది. ఇది ఒక్క వాక్యంలో ఉంది పుస్తకంలో, కానీ మా పెద్దోడికి అదే పెద్ద విషయమైపోయింది. క్లాసులో వాడు చేసిన బొమ్మ మీద ఇంకొకడి పేరు రాస్తే ఊరుకుంటాడా మరి, వాడికి అన్యాయం అంటే ఆ కొలత, ఆ కొలతతోనే మేరీది అర్థం చేసుకున్నాడు.

పెద్దోడి సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. ఈ పెట్టె గులాబీ రంగు. పైన కిరీటం బొమ్మ, కింద "చిట్టి తల్లుల కోసం" అని మెరిసే అక్షరాలు. దాన్ని చూడగానే మావాడు "అవి చెల్లివి" అని తేల్చేసి వెళ్ళిపోయాడు, చాలా రోజులు ముట్టుకోలేదు. ఎముకల బొమ్మ దూరం నుంచి కనపడింది కాబట్టి వచ్చి కూర్చున్నాడు గానీ లేకపోతే వచ్చేవాడు కాదు. తయారుచేసిన వాళ్ళు దీని గురించి కాస్త ఆలోచించాలండి. ఆడవాళ్ళు చేసిన పనులు ఆడపిల్లలు మాత్రమే తెలుసుకోవాలంటే ఇంక చరిత్ర ఎందుకు, మగపిల్లలకి కూడా ఇవి మామూలు కథల్లాగా చిన్నప్పుడే చెవిన పడాలి కదా. మేం ఆ పెట్టె తీసేసి పుస్తకాలు మామూలు బుట్టలో వేసేశాం, గొడవ వదిలింది.

వలెంటీనా తెరిష్కోవా పుస్తకం రెండో ఫేవరెట్. 1963 జూన్ 16న ఒక్కతే అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ, దాదాపు మూడు రోజుల్లో భూమి చుట్టూ 48 సార్లు తిరిగింది, ఇదంతా పెద్దవాళ్ళకి. పిల్లలకి కావాల్సింది టూత్‌బ్రష్. పేస్టు పెట్టారు, నీళ్ళు పెట్టారు, బ్రష్ పెట్టడం మర్చిపోయారట ఆ రాకెట్ వాళ్ళు! ఆడియోలో ఈ ముక్క వచ్చినప్పుడల్లా ఇద్దరూ పడీపడీ నవ్వుతారు, ఆ ఒక్క ముక్క కోసం మొదట్నుంచీ పెట్టమంటారు, ఆ వంకన మిల్లులో పని చెయ్యడం, సరదాగా పారాచూట్ దూకడం నేర్చుకోవడం, వాళ్ళమ్మకి అంతరిక్షం సంగతి చెప్పకుండా పారాచూట్ ట్రైనింగ్ అని చెప్పి వెళ్ళడం, అన్నీ చెవిలో పడిపోతున్నాయి. పిచ్చి చిన్న వివరం అనుకుంటాం గానీ పిల్లలకి తలుపు తెరుచుకునేది అక్కడే.

ఈ పుస్తకంలో ఒక లోటు ఉంది. పారాచూట్ దూకేది అని చెప్పారు, తర్వాత అంతరిక్షానికి సెలెక్ట్ అయింది అని చెప్పారు, రెండిటికీ లింకు చెప్పలేదు. ఆ వోస్టోక్ అనే నౌకలో మనిషి కూర్చుని నేల మీద దిగడం కుదరదు, గట్టిగా గుద్దుకుంటుంది, అందుకని నేలకి దాదాపు ఏడు కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే సీటుతో సహా బయటికి విసిరేస్తుంది, అక్కడి నుంచి పారాచూట్ మీద దిగాలి. అందుకే వాళ్ళకి విమానం నడిపేవాళ్ళ కన్నా పారాచూట్ వచ్చిన మనిషి కావాల్సొచ్చింది. ఇది రెండు బొమ్మల్లో చెప్పొచ్చు, పైగా సరదా కోసం నేర్చుకున్నది ఎలా పనికొచ్చిందో పిల్లలకి చెప్పకుండానే తెలుస్తుంది. దీని బదులు చివరి పేజీలో "కలలు కనండి, నక్షత్రాలను అందుకోండి" అని రాశారు. ఏం కలలో, ఏం నక్షత్రాలో.

అసలు ఈ చివరి పేజీల గురించి చెప్పాలి. ఇరవై పుస్తకాలకీ చివర ఒక నీతి పేజీ ఉంది, పూలు, రిబ్బన్లు, మధ్యలో ఒక వాక్యం. నేను మొదటి వారంలోనే అవి చదవడం మానేశా. కథ అయ్యాక పిల్లలు ఏదో అడగబోతూ ఉంటారు, సరిగ్గా అప్పుడు ఈ నీతి వాక్యం వచ్చి నోరు మూయించేస్తుంది. ఆడియోలో అయితే ఇంకా ఘోరం, వయొలిన్లు మొదలవుతాయి, చదివే ఆవిడ గొంతు మారిపోయి గంభీరంగా అయిపోతుంది. మా చిన్నది ఆ వయొలిన్ వినగానే అయిపోయిందని లేచి వెళ్ళిపోతుంది, అది ఒకందుకు మంచిదే.

చదివే ఆవిడ గొంతు మాత్రం మిగతా అంతా చాలా బాగుంది, తొందర లేదు, పిల్లల గొంతు అనుకరించే వేషాలు లేవు. పుస్తకంలో వాక్యాలు కాస్త పుస్తక భాషలో ఉన్నా ఆవిడ చదువుతుంటే అడ్డు రావు. నేను చదివేటప్పుడు మాత్రం సగం మార్చి మా మాటల్లో చెప్పుకుంటా. ఆడియో కోసం ప్రతిసారీ ఫోన్ తియ్యాలి, ఫోన్ తీస్తే పిల్లలు ఇంకేదో పెట్టమంటారు, ఆ బాధ అందరికీ తెలిసిందే.

హెలెన్ కెల్లర్ పుస్తకం గురించి మొదట అనుమానపడ్డా, అందరికీ తెలిసిన కథే కదా అని. కానీ వీళ్ళు తెలివిగా టీచర్ వైపు నుంచి చెప్పారు. 1887 మార్చిలో ఆన్ సల్లివన్ ఆ ఇంటికి వచ్చేసరికి ఆవిడకి ఇరవై ఏళ్ళే, ఆవిడ చూపు కూడా అంతంతమాత్రం. ఎదురుగా ఆరేళ్ళ పిల్ల, పంతొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి చూపూ వినికిడీ పోయింది, కొడుతుంది, విసిరేస్తుంది, గదిలో పెట్టి తాళం వేసేస్తుంది. నిజంగానే హెలెన్ టీచర్‌ని గదిలో పెట్టి తాళం వేసేసింది, నిచ్చెన వేసి కిటికీలోంచి దింపాల్సొచ్చింది, ఆ బొమ్మ ఉంది చూడండి పుస్తకంలో, మా ఇంట్లో సూపర్ హిట్. మంచి పిల్లగా చూపించి ఉంటే ఇంత కనెక్ట్ అయ్యేవాళ్ళు కాదు. తర్వాత పంపు దగ్గర ఒక చేతి మీద నీళ్ళు పడుతుంటే ఇంకో చేతిలో ఆ టీచర్ వేళ్ళతో నీళ్ళు అన్న మాట అక్షరం అక్షరం చెప్పడం, ఆ పిల్లకి ప్రతి వస్తువుకీ ఒక పేరుంటుందని తట్టడం.

దీనికి సంబంధించిన కార్డులో ఒక ఆట ఇచ్చారు, కళ్ళు మూసుకుని అరచేతిలో అవతలివాళ్ళు వేలితో రాసింది కనిపెట్టాలి. వాళ్ళు వాడినది వేళ్ళ గుర్తుల పద్ధతి, ఇలా చేతిలో అక్షరం గీయడం కాదు, ఆ తేడా కార్డులో చెప్పి ఉంటే బాగుండేది, నేనే చెప్పా. అయినా ఆట అద్భుతం. మా చిన్నది నా చేతిలో "నీ" రాసింది, సరే, తర్వాత "ళ్ళు" రాయడానికి తంటాలు పడి పడి, ఒత్తు దగ్గర చక్కిలిగింత పుట్టి నేను చెయ్యి లాక్కుంటే "అమ్మా కదలకు, నువ్వు హెలెన్‌వి" అని గదిమింది. ఒక్క మాట చేతిలోంచి చదవడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలిసొచ్చింది, పెద్దోడైతే "ఇలా పుస్తకాలు మొత్తం చదివిందా" అని నోరెళ్ళబెట్టాడు. అవును, కాలేజీ డిగ్రీ కూడా తీసుకుందిరా, 1904లో, అంటే నమ్మలేదు.

మిగతా కార్డులు ఓ మోస్తరు. "ఈ కథ నుంచి నువ్వేం నేర్చుకున్నావు?" అనే ప్రశ్న రకరకాలుగా తిప్పి చాలా కార్డుల్లో వేశారు, అది పరీక్ష, దానికి పిల్లలు "మంచిగా ఉండాలి" అని ఒకటే జవాబు పడేస్తారు. "నువ్వైతే రాకెట్లో ఏ ఒక్క వస్తువు తీసుకెళ్తావు" లాంటివి మంచివి, వాటి మీద పోట్లాటలు కూడా అయ్యాయి.

ఇప్పుడు బాగాలేనివి. రోసా పార్క్స్ పుస్తకం చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. బొమ్మలో తెల్లజుట్టు బామ్మగారు, పని చేసి కాళ్ళు నొప్పులు పుట్టి అలిసిపోయి బస్సులో సీటు నుంచి లేవలేకపోయింది, అక్కడి నుంచి ప్రపంచం మారిపోయింది అని రాశారు. నల్లవాళ్ళు బస్సులో తెల్లవాళ్ళకి సీటు వదిలేయాలని రూలున్న అమెరికా ఊళ్ళో, 1955 డిసెంబర్ 1న ఆవిడ లేవనన్నప్పుడు వయసు 42. అప్పటికే ఏళ్ళ తరబడి నల్లవాళ్ళ హక్కుల సంఘంలో సెక్రటరీగా పనిచేస్తోంది. ఒంటి అలసట కాదు, ప్రతిసారీ తలొంచీ తలొంచీ అలిసిపోయానని ఆవిడే తర్వాత చెప్పుకుంది. కాళ్ళ నొప్పుల కథ చెప్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది, పాపం ముసలావిడని కూర్చోనివ్వలేదు అని. తెలిసి, అరెస్ట్ చేస్తారని తెలిసి కూర్చున్న మనిషిని జాలి కథ చేసేశారు.

పైగా అసలు కథలా నడిచే భాగం మొత్తం కోసేశారు. ఆ తర్వాత మాంట్‌గమరీ ఊళ్ళో నల్లవాళ్ళు 381 రోజులు బస్సు ఎక్కలేదు. ఏడాది పైన! పనికి ఎలా వెళ్ళారు, వానలో ఎలా వెళ్ళారు, కార్లున్నవాళ్ళు లేనివాళ్ళని ఎలా ఎక్కించుకుని తిప్పారు, ఎంతమంది నడిచారు, పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. అంతకు తొమ్మిది నెలల ముందు అదే ఊళ్ళో క్లోడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ స్కూలు పిల్ల కూడా ఇలాగే సీటు ఇవ్వనంటే అరెస్ట్ చేశారు, ఆ పిల్ల పేరే లేదు పుస్తకంలో. పిల్లల పుస్తకం అని పేరు పెట్టుకుని, కథలో ఉన్న ఒకే ఒక్క పిల్లని తీసేస్తే ఎలా.

ఇదొక జబ్బు ఈ సెట్టు మొత్తానికి. ప్రతి ఆవిడా ఒంటరిగా, ఎవరి సాయం లేకుండా, ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు పనిచేస్తుంది. సావిత్రిబాయి ఫూలే పుస్తకం ఎంతో బాగా మొదలవుతుంది, 1848లో పూణేలో ఆడపిల్లలకి బడి, ఆవిడ పాఠం చెప్పడానికి నడిచి వెళ్తుంటే జనం బురద, పేడ విసిరేవాళ్ళు, అందుకని సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళి అక్కడ మార్చుకునేది. ఆ రెండో చీర బొమ్మ చాలు, మా చిన్నది తన స్కూలు బ్యాగులో ఒక గౌను కుక్కింది మర్నాడు. కానీ పక్కనే నిలబడి పాఠాలు చెప్పిన ఫాతిమా షేక్ ఎక్కడా కనపడదు. జ్యోతిరావు ఫూలే ఒక బొమ్మలో వెనక్కి తిరిగి ఉంటాడు. స్నేహితులు కలిసి బడి పెట్టారు అంటే పిల్లలకి ఇంకా నచ్చుతుంది కదా, వాళ్ళు ఏ ఆట ఆడినా ముందు జట్టు కట్టే మొదలుపెడతారు. ఆఖర్న 1897 ప్లేగు వచ్చినప్పుడు రోగులకి సేవ చేస్తూ ఆ జబ్బే సోకి పోయిందని రాశారు, రెండే వాక్యాలు, సరిగ్గా సరిపోయింది.

దానికి పూర్తిగా వ్యతిరేకం ఆనందీబాయి జోషీ పుస్తకం. తొమ్మిదేళ్ళకి పెళ్ళి, పద్నాలుగేళ్ళకి పుట్టిన బిడ్డ పది రోజులకే పోవడం, వైద్యం అందక పోయాడని తనే డాక్టర్ అవ్వాలనుకుని అమెరికా వెళ్ళి 1886లో డిగ్రీ తీసుకోవడం, ఇదీ అసలు కథ. పుస్తకంలో బిడ్డ లేడు. "చదువంటే ఇష్టం" అట, అందుకని వెళ్ళిందట. ఆఖర్న తిరిగొచ్చి ఎందరికో వైద్యం చేసింది అని ముగించారు. అబద్ధమండి అది. క్షయతో తిరిగొచ్చి, డాక్టరుగా పనిలో చేరకముందే 1887 ఫిబ్రవరిలో పోయింది, ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఐదేళ్ళ పిల్లకి ఈ కథ బరువే, ఒప్పుకుంటా, అలాంటప్పుడు పెట్టెలో పెట్టకండి, ఇంకో నాలుగేళ్ళు ఆగి చెప్పుకుంటాం. పెట్టాక మాత్రం నిజం చెప్పాలి. రేపు వీడు వేరే చోట చదివి "అమ్మా నువ్వు అలా చెప్పావే" అంటే మిగతా పంతొమ్మిది పుస్తకాల మీదా నమ్మకం పోతుంది.

మేరీ క్యూరీ పుస్తకం నిండా విశేషణాలే. రెండు నోబెల్ బహుమతులు, 1903, 1911, చాలా తెలివైనది, చాలా కష్టపడింది. అక్కా చెల్లెళ్ళ ఒప్పందం ఏదీ? ముందు నేను పిల్లలకి పాఠాలు చెప్పి నీకు డబ్బు పంపుతా, నువ్వు చదువుకో, తర్వాత నువ్వు నన్ను చదివించు అని అక్క బ్రోన్యాతో మాట అనుకుని ఏళ్ళపాటు ఎవరి ఇంట్లోనో పనిచేసింది, ఆ అక్క నిజంగానే డాక్టరై మాట నిలబెట్టుకుంది. అన్నా చెల్లెళ్ళున్న ఏ ఇంట్లో అయినా ఈ ముక్కకి ప్రాణం పెడతారు. కారే పైకప్పున్న షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజం కాగబెట్టి కలియబెట్టడం, రాత్రి వెళ్తే సీసాలు చీకట్లో వాటంతటవే వెలగడం, ఆమె నోటు పుస్తకాలు ఇప్పటికీ రేడియేషన్ వల్ల సీసం పెట్టెల్లో దాచి ఉంచడం, ఇవేవీ లేవు. ఇవన్నీ నేనే నోటితో కలిపి చెప్పా. చెప్పాక పెద్దోడు దాన్ని మంచి పుస్తకాల వైపు మార్చాడు, క్రెడిట్ మాత్రం నాకు రాలేదు.

రాణుల పుస్తకాలు ఐదు ఉన్నాయి, ఐదింటిలోనూ గుర్రం, కత్తి, ఎర్రటి ఆకాశం. పేర్లు మార్చి చదివినా కథ నడిచిపోతుంది. రుద్రమదేవి గురించి పిల్లలకి తమాషాగా అనిపించే సంగతి ఎంత ఉంది, 13వ శతాబ్దంలో నాన్న గణపతిదేవుడు కూతుర్నే వారసురాల్ని చేసి మగపేరు పెడితే, శాసనాల్లో కూడా రుద్రదేవ మహారాజు అని చెక్కించుకున్న కాకతీయ రాణి. అమ్మాయి, కానీ మహారాజు! ఇది చెప్తే మా చిన్నది రెండు రోజులు తనని మహారాజు అనే పిలవాలంది. పుస్తకంలో కత్తి తిప్పడమే ఉంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ మాత్రం ఉండటం సంతోషం, అంత బాగా రాయకపోయినా. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీర్ పిల్ల, టికెట్ లేనిదే ఎవర్నీ పంపొద్దని చెప్పారు, నెహ్రూ వచ్చాడు, టికెట్ లేదు, ఆపేసింది. పక్కవాళ్ళు కంగారుపడి ఆయనెవరో తెలుసా అంటే నాకు చెప్పింది నేను చేస్తున్నా అంది, టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది, ఆయన కూడా మెచ్చుకున్నాడు. పుస్తకం దీన్ని ఒక్క పేజీలో ముగించి రాజ్యాంగ సభ మీదకి పరిగెత్తింది. మా అత్తయ్యగారు పుస్తకం పక్కన పెట్టి తన పద్ధతిలో చెప్పారు, గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి "ఏవండీ, టికెట్టు?" అని. అది చూశాక ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళాలన్నా టికెట్ కావాలి, వాళ్ళ నాన్నకి ముఖ్యంగా. తర్వాత ఆవిడ రాజ్యాంగం రాసిన సభలో కూర్చుందని చెప్తే "అక్కడ కూడా టికెట్లు చూసిందా నాన్నమ్మా" అని అడిగారు, అత్తయ్యగారు "ఆ, చూసే ఉంటుంది" అనేశారు. చరిత్రకారులు క్షమించాలి.

టైమ్‌లైన్ చార్ట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కాగితం మందంగా ఉంది, బొమ్మలు చిన్నవి. మేం అందులో నాన్నమ్మ పుట్టిన ఏడాది, అమ్మ పుట్టిన ఏడాది స్కెచ్ పెన్నుతో రాశాం, అప్పుడు గానీ పిల్లలకి ఎవరు ఎంత వెనకో తెలీలేదు. తెరిష్కోవా నాన్నమ్మ కాలం మనిషి అని తెలిసి ఇద్దరూ ఆశ్చర్యపోయారు, అంతరిక్షం అంటే కొత్త విషయం అనుకున్నారు పాపం. బైండింగ్ బాలేదు, రెండు పుస్తకాల పేజీలు ఊడొస్తే కస్టమర్ కేర్‌కి రాశాం, ఫొటోలు పంపమన్నారు, పంపాం, మళ్ళీ పంపమన్నారు, మేమే టేపు వేసుకున్నాం.

నాలుగైదేళ్ళ వాళ్ళకి అయితే ఆనింగ్, తెరిష్కోవా, హెలెన్, ఇంకా చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్‌తో మొదలుపెట్టండి. గుడాల్ పుస్తకం చింపాంజీలతో మొదలవ్వదు, కోళ్ళ గూడుతో మొదలవుతుంది, కోడి గుడ్డు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని చిన్నపిల్లప్పుడు గంటల తరబడి గూట్లో గడ్డిలో దాక్కుంటే ఇంట్లోవాళ్ళు పిల్ల కనపడట్లేదని ఊరంతా వెతికారు, బయటికొచ్చాక వాళ్ళమ్మ తిట్టకుండా కూర్చుని గుడ్డు కథ మొత్తం విన్నది. ఆ అమ్మే 1960లో కూతురితో ఆఫ్రికాలో చింపాంజీలుండే గోంబే అడవికి కూడా వెళ్ళింది, అమ్మాయిని ఒంటరిగా పంపించం అని అక్కడి అధికారులు అంటే. ఆ పేజీ నాకోసం రాసినట్టుంది, నేనైతే ముందు తిట్టి తర్వాత వినేదాన్ని. ఆరు దాటినవాళ్ళకి సావిత్రిబాయి, దుర్గాబాయి. రోసా పార్క్స్ కథ మీ మాటల్లో చెప్పండి, పుస్తకం వద్దు. ఆనందీబాయిది పైన అటక మీద.

ఐదుకి మూడున్నర ఇస్తా, బొమ్మలకీ ఆ చదివిన ఆవిడ గొంతుకీ అర మార్కు కలిపి. రెండో పెట్టె వస్తోందని పెట్టె లోపల చీటీ ఉంది, వస్తే రాణులు కొంచెం తగ్గించి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో లెక్కలు కట్టిన క్యాథరిన్ జాన్సన్‌ని పెట్టండి బాబూ. చిన్నప్పుడు రోడ్డు దాకా అడుగులు, చర్చి మెట్లు, కడిగిన గిన్నెలు, కనపడ్డవన్నీ లెక్కపెట్టేది, పదేళ్ళకే హైస్కూల్లో చేరింది, 1962లో జాన్ గ్లెన్ రాకెట్ ఎక్కే ముందు కంప్యూటర్ వేసిన లెక్కలు ఆ అమ్మాయి చూసి సరే అంటేనే వెళ్తా అన్నాడు. లెక్కపెట్టే పిల్ల మా ఇంట్లో కూడా ఒకత్తి ఉంది, పొద్దున్న జడ వేస్తుంటే నా తెల్లవెంట్రుకలు అద్దంలో లెక్కపెడుతుంది, దానికి వేరే పని చూపించాలి.